మావయ్య కరెక్టా, పుస్తకం కరెక్టా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండి. నేను గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. క్యాపిటలిజం అంటే ఆర్థిక వ్యవస్థ అని నా పుస్తకంలో ఉంది. మా మావయ్యకి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి, ఆయనేమో "ఆర్థికం ఏంట్రా, అమెరికా వాడు ఒక సంతకం పెడితే ఇక్కడ నా రొయ్య కొనేవాడు లేడు, ఇది రాజకీయం కాకపోతే ఇంకేంటి" అంటున్నాడు. టీ కొట్టు దగ్గర మొదలైన గొడవ ఇంట్లో భోజనాల దాకా వచ్చేసింది. ఎవరిది కరెక్టో మీరే చెప్పాలి. (ఒక పాఠకుడు, పాలకొల్లు)

జవాబు: పరీక్షలో అడిగితే మాత్రం ఆర్థిక వ్యవస్థ అనే పెట్టండి, మావయ్య మాట విని మార్కు పోగొట్టుకోకండి. భూమి, మిల్లు, చెరువు లాంటివి ప్రైవేటు వాళ్ళ చేతిలో ఉండటం, జీతానికో కూలికో చేసేవాళ్ళు వేరే ఉండటం, సరుకు లాభానికి అమ్మడం కోసమే తయారవ్వడం, ఇదీ క్యాపిటలిజం అంటే. ఇందులో ఓట్ల సంగతి గానీ అసెంబ్లీ సంగతి గానీ ఎక్కడా లేదు కదా.

మావయ్య చెప్పింది 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద వేసిన 50 శాతం టారిఫ్ (దిగుమతి సుంకం) గురించి అనుకుంటా. దెబ్బ నిజమే, కాదనను, కానీ వానొచ్చి కళ్ళంలో ధాన్యం తడిసిందని వ్యవసాయాన్ని వాతావరణ శాస్త్రం అనం కదండీ. బయట నుంచి రాజకీయం వచ్చి తగిలినంత మాత్రాన లోపలిది కూడా రాజకీయమైపోదు. అంటే మావయ్య ఉదాహరణ తప్పు. మాట మాత్రం అంత తప్పు కాదు, అదెలాగో చెప్తాను.

మన వైపు ప్రామిసరీ నోటు తెలియని ఇల్లు ఉంటుందా? స్టాంపు అతికించి సంతకం పెట్టించుకుంటాం, మూడేళ్ళు నిండకముందే వడ్డీ లెక్కకట్టి తిరగరాయించుకుంటాం, ఎందుకంటే మూడేళ్ళు దాటితే దావా చెల్లదు. ఆ మూడేళ్ళ గడువు మార్కెట్ పెట్టింది కాదు, 1963 నాటి లిమిటేషన్ చట్టంలో ఉంది, నోటు చట్టమైతే ఇంకా పాతది, 1881 నాటిది. ఇద్దరి మధ్య అప్పు, పూర్తిగా మా సొంత వ్యవహారం అనుకుంటాం గానీ ఆ కాగితం వెనకాల తీర్పు అమలు చేయించే కోర్టు అమీనా ఎప్పుడూ నిలబడే ఉంటాడు, ఆయన్ని తీసేస్తే అది పొట్లం కట్టుకోడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఈ చట్టం టారిఫ్ లాగా పైనుంచి పడే వాన కాదండీ, గట్టు. గట్టు లేకపోతే చేలో నీళ్ళెక్కడ నిలుస్తాయి?

ఇంకా దగ్గరగా కావాలంటే మీ మావయ్య చెరువునే తీసుకోండి. వరి చేల మధ్య ఉప్పునీటి చెరువు తవ్వారనుకోండి, ఆ నీరు ఊటగా దిగి పక్కాయన చేను చవుడు తేలిందనుకోండి, ఆ నష్టం ఎవరిది? తవ్వినాయన నా పొలం నా ఇష్టం అంటాడు, పక్కాయన కూడా నా పొలమే కదా పాడైంది అంటాడు, ఇద్దరూ ఓనర్లే, ఇద్దరి దగ్గరా పాసు పుస్తకాలున్నాయి. ఓనరు అంటే ఎంతవరకు ఓనరు అన్నది మార్కెట్ రేటు తేల్చగలిగేది కాదు, ఎవరో ఒకరు కూర్చుని తీర్పు చెప్పాలి. చెప్పారు కూడా. కోస్తా రెగ్యులేషన్ జోన్‌లో, అంటే సముద్రం ఒడ్డున ఆంక్షలున్న మేరలో, రొయ్యల చెరువులు తీసెయ్యమని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది, తర్వాత 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకుంటే చేసుకోవచ్చని దారి ఇచ్చింది. వెన్నామీ కూడా మన రొయ్య కాదు, పసిఫిక్ అవతలి ఒడ్డుది, 2009లో ప్రభుత్వం పర్మిషన్ ఇచ్చాకే మన చెరువుల్లోకి దిగింది, బయటి దేశం నుంచి తెచ్చే తల్లి రొయ్యలు చెన్నైలో క్వారంటైన్ దాటి రావాల్సిందే. మావయ్య రిస్కు ఆయనదే, కరెంటు పోయి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రాత్రంతా మేలుకునేదీ ఆయనే, నేను కాదనను. కానీ చెరువు ఉండనిచ్చింది మాత్రం చట్టమే.

మాట వచ్చింది కాబట్టి ధవళేశ్వరం సంగతి కూడా చెప్పుకుందాం. ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి కట్టారు, కాటన్ దొర పేరు అందరికీ తెలుసు, కట్టించిన ప్రభుత్వం ఎవరిదంటే ఈస్టిండియా కంపెనీది. లండన్‌లో వాటాదారులున్న కంపెనీ అన్నమాట. తమాషా ఏంటంటే 1833 చార్టర్ చట్టంతో ఆ కంపెనీ వ్యాపారం మొత్తం మానేసింది, ఇక్కడ శిస్తు వసూలు చేసుకుంటూ పరిపాలన మాత్రమే చేసింది, అయినా సరే వాటాదారులకి ఏడాదికి 10.5 శాతం డివిడెండు మన ఆదాయం లోంచే వెళ్ళేది. దీన్ని ఏ గడిలో పెడతారో మీ పుస్తకం రాసినాయన్ని అడగండి! నేనైతే పెట్టలేను.

ప్రశ్న: క్యాపిటలిజం ఉందంటే ప్రజాస్వామ్యం ఉన్నట్టేనా అండి? మా అబ్బాయి చైనా కూడా ఇప్పుడు క్యాపిటలిస్టే అంటున్నాడు. (ఒక గృహిణి, అమలాపురం)

జవాబు: కాదమ్మా. చిలీలో 1973లో సైన్యాధిపతి పినోషే సైన్యంతో అధికారం లాక్కుని, ఆ తర్వాత మార్కెట్‌కి పూర్తిగా తలుపులు తీశాడు. దక్షిణ కొరియా ఫ్యాక్టరీలు సైనిక పాలనలోనే పెరిగాయి, జనం ప్రెసిడెంటుని నేరుగా ఎన్నుకునే హక్కు మళ్ళీ తెచ్చుకుంది 1987లో. చైనా 1978 నుంచి ప్రైవేటుని రానిస్తూ వచ్చింది, పార్టీ మాత్రం ఒక్కటే, మీ అబ్బాయి మాటలో సగం నిజముంది. మన ఇంటి సంగతే చూడండి, 1991 జులైలో పి.వి. నరసింహారావు, మన్మోహన్ సింగ్ కలిసి పరిశ్రమల లైసెన్సులు చాలావరకు ఎత్తేశారు, ఎలక్షన్లు పాతవే, పార్లమెంటు పాతదే, 1976లో రాజ్యాంగ పీఠికలో చేర్చిన సామ్యవాద అనే మాట కూడా అక్కడే ఉంది.

ప్రశ్న: మా నాన్న కౌలు రైతు. ఏటా సార్వాకి, దాళ్వాకి పెట్టుబడి పెడుతున్నారు కదా, మరి ఆయన కూడా పెట్టుబడిదారేనా? (డిగ్రీ విద్యార్థిని, ఆచంట)

జవాబు: భలే అడిగావమ్మా. మన ఊళ్ళో పెట్టుబడి అంటే విత్తనాలకీ ఎరువులకీ ఊడ్పులకీ పెట్టే డబ్బు, పుస్తకంలో పెట్టుబడిదారు అంటే తన డబ్బుతో పదిమందిని పనిలో పెట్టి లాభం తీసుకునేవాడు. మీ నాన్నగారి డబ్బు వడ్డీకి తెచ్చింది, భూమి ఇంకొకరిది, పనిలో సగం ఆయన రెక్కలదే, పండాక ముందు కౌలు, తర్వాత వడ్డీ పోగా మిగిలింది ఆయనది. 2011లో కోనసీమలో గిట్టడం లేదని సార్వాకి చేలు వదిలేసి క్రాప్ హాలిడే అన్నారు గుర్తుందా, ఆ ఏడాది మామూలు రకం ధాన్యం మద్దతు ధర క్వింటాకి 1080 రూపాయలు, అది చెప్పింది కూడా ఢిల్లీయే.

బ్యాంకు అప్పు ఎందుకు రాదు అంటే మళ్ళీ కాగితం దగ్గరికే వస్తాం. కౌలు రైతుకి సాగుదారుగా గుర్తింపు కార్డు ఇవ్వాలని 2011లో ఒక చట్టం, 2019లో ఇంకోటి తెచ్చారు, 2019 దాంట్లో 11 నెలల ఒప్పందం మీద భూమి యజమాని సంతకం పెట్టాలి. పెడితే రేపు భూమి మీద హక్కు అడుగుతాడేమో అని యజమానికి భయం, గట్టిగా అడిగితే వచ్చే ఏడు కౌలుకి ఇవ్వడేమో అని మీ నాన్నగారికి భయం. ఆ ఒక్క సంతకం రూలు ఉంచాలా తీసెయ్యాలా అన్నది తేల్చేది మార్కెట్ కాదు, మనం ఓట్లేసి పంపినవాళ్ళు. మీ నాన్నగారు ఈసారి సంతకం అడిగారా, అడిగితే భూమి యజమాని ఏమన్నాడు, రాసి పంపు.