అభినందనలా, శుభాకాంక్షలా?

గుంటూరులో మీ మాస్టారి పదవీ విరమణ సభకు పత్రం రాస్తూ ‘అభినందనలా, శుభాకాంక్షలా’ అని ఆగిపోయారు కదండీ. రెండూ కావాలి, చోట్లే వేరు. చేసిన సేవకు అభినందనలు, రాబోయే విశ్రాంత జీవితానికి శుభాకాంక్షలు.

‘నంద్’ ధాతువుకు అర్థం సంతోషించడం. గీత రెండో అధ్యాయం 57వ శ్లోకంలో ‘నాభినందతి న ద్వేష్టి’ అన్నచోట కనిపించేది మెచ్చుకోలు కాదు, పొంగిపోవడమే. ఎదుటివారి గెలుపుకి మన మనసు పొంగడం! అందుకే ఈ మాటంటే నాకు ప్రాణం.

కందపద్యం కూడా రాస్తానన్నారు. ‘అభినందనలివె’ అని ఎత్తుకోండి. అభినం సగణం (రెండు లఘువులు, ఒక గురువు; అంటే రెండు పొట్టి అక్షరాలు, ఒక పొడుగు అక్షరం), దనలివె నలం (నాలుగూ లఘువులే), చక్కగా కుదిరాయి. ప్రాస, అంటే పాదంలో రెండో అక్షరం, భకారం కాబట్టి మిగతా పాదాలకు సభ, శుభ, విభవ ఉండనే ఉన్నాయి. లఘువుతో ఎత్తుకున్నాం కనుక పాదం మొదటి అక్షరం మాత్రం నాలుగింటా లఘువే ఉండాలండీ.