సూత్రాలన్నీ వచ్చు, లెక్క దగ్గరే ఆగిపోతోంది

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. ఎనిమిది నుంచీ ఐఐటీ ఫౌండేషన్‌లో ఉంది. త్రికోణమితి సూత్రాలన్నీ కంఠతా వచ్చు. ‘సూక్ష్మీకరించండి’ అంటే మాత్రం పెన్ను కదలదు. ఎంపీసీ మానిపించి ఎంఈసీలో చేర్చమంటారా? – ఒక తండ్రి

జవాబు: ఎంఈసీలో చేరినా లెక్కలు తప్పవండి, అందులోనూ త్రికోణమితి ఉంది. పాలిటెక్నిక్‌లోనైతే మొదటి ఏడాదే ఎదురవుతుంది. మీ అసలు భయం గ్రూపు కాదు, ‘మా పిల్లకి లెక్కలు రావేమో’ అని. వస్తాయి. సూత్రాలు గుర్తున్నాయి కదా, సగం పని అయినట్టే.

ఈ లెక్క ఇచ్చి, పక్కన కూర్చుని చూడండి:
(1 + సైన్ ఎ)/కాస్ ఎ + కాస్ ఎ/(1 + సైన్ ఎ)

హారాలు ఒకటి చేస్తే లవంలో (1 + సైన్ ఎ)² + కాస్² ఎ వస్తుంది. చాలామంది జారేది ఇక్కడే. వర్గాన్ని 1 + సైన్² ఎ అని రాసేసి, మధ్యలో ఉండాల్సిన 2 సైన్ ఎ వదిలేస్తారు. అది త్రికోణమితి తప్పు కాదు, ఎనిమిదో తరగతి బీజగణితం తప్పు. సరిగ్గా విస్తరిస్తే సైన్², కాస్² కలిసి 1 అవుతాయి. లవం 2(1 + సైన్ ఎ). హారంలోని (1 + సైన్ ఎ)తో కొట్టేస్తే మిగిలేది 2/కాస్ ఎ, అంటే 2 సెక్ ఎ.

ఫౌండేషన్ కోర్సుల మీద నాకు అనుమానం ఇందుకే. బీజగణితం చేతికి రాకముందే ‘ఎ = 45° పెట్టి ఆప్షన్ పట్టేయ్’ అని నేర్పుతారు. 45° దగ్గర సెక్, కోసెక్ రెండూ √2. ఆప్షన్లలో 2 సెక్ ఎ, 2 కోసెక్ ఎ రెండూ ఉంటే ఏది పెట్టాలి? 30° పెడితే తేడా తెలుస్తుంది: ఒకటి 4/√3, రెండోది 4. జవాబు సరిచూసుకోవడానికి ఆ చిట్కా మంచిదే. పబ్లిక్ పరీక్షలో మార్కులు పడేది మాత్రం మెట్లకు. ఎప్‌సెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే. అక్కడ వేగం కావాలి, నిజమే. అది చేతితో చేసిన తర్వాత వచ్చేది.

ఒక మాట గట్టిగానే అంటాను. రెండేళ్లకు పైగా ఫీజు కట్టారు, ఒక్కసారైనా నోట్‌బుక్ తెరిచి ఏ మెట్టు దగ్గర ఆగుతోందో చూశారా? మీ ప్రశ్నలో పిల్లకి ఏమిష్టమో ఒక్క ముక్కా లేదు.

రోజుకు నాలుగు లెక్కలు చాలు. ముందు అన్నీ సైన్, కాస్‌లలోకి మార్చమనండి. హారంలో 1 + కాస్ ఎ ఒక్కటే ఉంటే, పైనా కిందా 1 – కాస్ ఎ తో గుణించమనండి, కింద సైన్² ఎ వస్తుంది. గ్రూపు సంగతి ఆ తర్వాత. ఫిజిక్స్ నచ్చితే ఎంపీసీ, ఎకనామిక్స్, కామర్స్ నచ్చితే ఎంఈసీ. ఏది నచ్చుతుందో తననే అడగండి.