వావిలాకు కాపడం సరే, కషాయం మాత్రం వద్దు

ప్రశ్న: మా అమ్మ వయసు 62. చాలా ఏళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. మోకాళ్ల నొప్పులకు వావిలాకు వేసి మరిగించిన నీళ్లతో కాపడం పెడుతున్నాం. హాయిగా ఉందంటోంది. ఇప్పుడు బంధువులు అదే ఆకుతో కషాయం కాచి రోజూ పరగడుపున తాగమంటున్నారు. అప్పుడు నొప్పి మాత్రలు కూడా అక్కర్లేదట. తాగవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: కాపడం కొనసాగించండి, కషాయం వద్దు. నొప్పి మాత్రల గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. మీ ప్రశ్నలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది అదే.

వాగుల ఒడ్డున, కంచెల వెంట తనంతట తానే పెరిగే పొద వావిలి. ఇప్పటి వర్గీకరణలో ఇది తులసి, పుదీనాల కుటుంబానికి చెందుతుంది. ఆకు నలిపితే వచ్చే ఘాటు వాసన చూస్తే ఆ చుట్టరికం తెలిసిపోతుంది. బాలింతలకు వావిలాకు నీళ్ల స్నానం, బెణుకులకు వెచ్చజేసిన ఆకుల కట్టు, జలుబుకు ఆవిరి, దోమలకు పొగ... ఇళ్లలో దీన్ని ఎక్కువగా వాడింది ఇలా పైపైనే. ఆయుర్వేదంలో నిర్గుండి పేరుతో లోపలికీ ఇస్తారు. అయితే అది వైద్యుడు రోగిని చూసి మోతాదు నిర్ణయించే మందు. గుప్పెడు ఆకులు గిన్నెలో వేసి కాచేది కాదు.

ఈ ఆకు రసాయనాలకు వాపు తగ్గించే గుణం ఉన్నట్లు జంతువులపై చేసిన ప్రయోగాల్లో కనిపించింది. అంతమాత్రాన షుగర్, బీపీ మందులు వాడే మనిషికి రోజూ తాగించవచ్చని అర్థం కాదు. కాపడంతో కలిగే హాయిలో వేడి నీళ్ల పాత్ర కూడా తక్కువేమీ కాదు, వావిలిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు.

కాపడంలోనూ ఒక జాగ్రత్త అవసరం. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారిలో చాలామందికి కాళ్లలో స్పర్శ తగ్గుతుంది. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో ఆమెకు తెలియకపోవచ్చు. బొబ్బ లేచాక గాని గమనించరు, ఆ పుండు మానడానికి నెలలు పట్టవచ్చు. అందుకే వేడిని మీరే మీ మోచేతితో చూసి, గుడ్డ ముంచి పిండి, పది పదిహేను నిమిషాలకు మించకుండా పెట్టండి. పగుళ్లు, పుండ్లు ఉన్నచోట వద్దు.

ఇక మాత్రలు. అమ్మ వాడుతున్నవి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివైతే వాటి వాడకం తగ్గించాల్సిందే. ఆ విషయంలో మీ బంధువుల మాట సరైనదే, కారణమే వేరు. అవి బీపీని పెంచుతాయి, షుగర్ ఉన్నవారి మూత్రపిండాలను త్వరగా దెబ్బతీస్తాయి. మాత్రల అట్ట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చేయించండి. షుగర్, బీపీ మందులు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకూడదు.

ఈ వయసులో మోకాళ్ల నొప్పికి సాధారణ కారణం కీలు అరుగుదల. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి, అయిదు సెకన్లు ఉంచి దించడం, ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకు రెండు పూటలా చేయించండి. తొడ కండరం గట్టిపడితే మోకాలికి ఆసరా దొరుకుతుంది. బరువు ఎక్కువగా ఉంటే తగ్గించాలి. ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు వేసే ప్రతి అడుగులో మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

ఉదయం లేచాక కీళ్లు గంటకు పైగా బిగుసుకుపోతుంటే అది వేరే రకం కీళ్లవాతం కావచ్చు, రక్తపరీక్షలు అవసరం. ఒక మోకాలు హఠాత్తుగా ఎర్రబడి, వాచి, జ్వరం కూడా వస్తే కాపడం పెట్టకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.