టోపీ పెట్టకముందే మాత్రల సంగతి అడుగు

అమ్మీ,

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసి, నువ్వు బెంగళూరులో పీ300 అనే మెదడు అల మీద ప్రాజెక్టు తీసుకున్నావని, మందులు వేసుకున్నోళ్ల ధ్యాస, జ్ఞాపకం ఎట్ల మారతాయో చూస్తావని చెప్పినాడు. ఇరవై ఎనిమిదేండ్లు అనంతపురంలో తలకి తీగల టోపీ పెట్టి మెదడు కరెంటుని గీతలుగా తీసే ఈఈజీ మిషన్ ముందు కూచున్నదాన్ని కదా, మన ఇంట్లో ఇంకొకరు ఆ తీగల దగ్గరికి పోతాండారంటే గొంతు పూడుకుపోయింది, ఆ వెనకే భయమూ వేసింది, రాత్రంతా నిద్ర పట్టలే.

చిన్నవి నీకు తెలిసినవే. నూనె లేకుండా తలస్నానం చేసి రమ్మను. ఇంపెడెన్సు, అంటే చర్మానికీ తీగకీ మధ్య కరెంటుకి ఉండే అడ్డు, 5 కిలో ఓమ్‌ల లోపల పెట్టు. ఎండాకాలం ఏసీ లేకుండా మొదలుపెట్టొద్దు, చెమట పట్టిందంటే గీత అంతా నిదానంగా పైకీ కిందికీ ఊగుతుంది, ఈడ మే నెలలో అట్ల ఎన్ని రికార్డింగులు పారేసినానో. కన్ను ఆర్పితే వచ్చేది 100 మైక్రోవోల్టుల దాకా పోతుంది, నువ్వు వెతికేది పదో ఇరవయ్యో, కాబట్టి ఆర్పొద్దని చెప్పు, కానీ కసురుకోవద్దు, కసిరితే ఇంకా ఆర్పుతారు.

1965లో శామ్యూల్ సట్టన్ వాళ్లు ఈ అల సంగతి బయటపెట్టినప్పటి నుంచి దాని చుట్టూ శానా పని జరిగింది. ఒకే శబ్దం వస్తా వస్తా మధ్యలో ఎప్పుడో వేరే శబ్దం వస్తుంది, అది వస్తే లెక్కపెట్టమనో బటన్ నొక్కమనో చెప్తాం, సుమారు 300 మిల్లీసెకన్లకి నడినెత్తికి కొంచెం వెనక అల లేస్తుంది. ఎత్తు చూస్తే మనిషి ఎంత మనసు పెట్టినాడో, ఆలస్యం చూస్తే గుర్తుపట్టేదానికి ఎంతసేపు పట్టిందో కొంత తెలుస్తుంది. జ్ఞాపకాన్ని మసకబార్చే స్కోపోలమిన్ అనే మందు ఇస్తే అల పొట్టిదై ఆలస్యమవుతుంది, లోరాజెపామ్ అనే మత్తు మాత్ర, సారాయి కూడా అంతే. మిథైల్‌ఫెనిడేట్ అని ధ్యాస పెంచే మందు ఇస్తే మాత్రం బటన్ తొందరగా నొక్కుతారు గానీ అల వచ్చే టైం పెద్దగా కదలదు, అందుకే బటన్ టైం, అల టైం రెండూ రాసుకో, ఒకదాన్ని చూసి ఇంకోటి ఊహించుకోవద్దు.

ఇంక నేను చేసిన తప్పు చెప్తా. మీ నాయనకి కూడా తెలీదు.

1998లో ధర్మవరం నుంచి ఒక చేనేత పెద్దాయన వచ్చినాడు, అరవై దాటినాయి. మగ్గం మీద కూచుంటే బుటా లెక్క మర్చిపోతాండాడని కొడుకులు పిల్చుకొచ్చినారు. ఆ వయసుకి 350 మిల్లీసెకన్ల దగ్గర రావాల్సిన అల 420కి వచ్చింది, ఎత్తు కూడా లేదు. రెండుసార్లు తీసినా, రెండుసార్లూ అదే. ఆలస్యం అని రాసి పంపినా. మిషన్ కరెక్టుగా పనిచేసిందని ఆ రోజు సంతోషపడినాను కూడా, అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. కొడుకులు ఆయన్ను మగ్గం దించినారు, లెక్కల పుస్తకం తీసుకున్నారు, మతి పోతాండాదని ఊరంతా అనుకున్నారు. ఆరు నెలలకి మళ్లీ వచ్చినప్పుడు జేబులోంచి మాత్రల అట్ట కింద పడింది, దురదకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న పాత రకం మాత్ర, మత్తొచ్చేది, రోజుకి మూడు, ఏడాదిగా వేసుకుంటాండాడు. డాక్టర్ గారు ఆపించి మూడు వారాలకి మళ్లీ తీయిస్తే 355 వచ్చింది. పెద్దాయన నవ్వినాడు, నేను నవ్వలేకపోయినా, అప్పటికే మగ్గం అమ్మేసినారు. అడిగి ఉంటే ఒక్క మాటతో పోయేది కదమ్మీ.

కాబట్టి టోపీ పెట్టకముందు అడుగు. జలుబు మాత్ర, దురద మాత్ర, నిద్ర మాత్ర, నాటు మందు, రాత్రి తాగినాడా, ఎన్ని గంటలు పడుకున్నాడు, కాఫీ ఎప్పుడు తాగినాడు. బీడీ తాగేటోడు నీ పరీక్ష కోసం పొద్దున్నుంచి మానుకొని వస్తే ఆ మానుకున్నందుకే ధ్యాస చెదురుతుంది, అది కూడా రాసుకో. అసలు మందు, ఉత్తుత్తి మాత్ర రెండూ ఒకే మనిషికి వేరే వేరే రోజుల్లో, ఒకే టైములో, మధ్యలో మందు ఒంట్లోంచి పూర్తిగా పోయేంత గడువు పెట్టి ఇవ్వు. సగం మందికి ముందు ఇది, సగం మందికి ముందు అది, లేకపోతే రెండోసారి అలవాటు పడింది మందు మహిమ అనుకుంటావు.

లోరాజెపామ్ ఇస్తే ఆ పూట వాళ్ల బండి తాళాలు నీ దగ్గర పెట్టుకో. నాకేం కాలేదక్కా అంటారు, వినొద్దు, ఆ మందు ఒంట్లో సగం తగ్గేదానికే సుమారు పన్నెండు గంటలు పడుతుంది, ఇంటోళ్లు వచ్చి పిల్చుకుపోవాల్సిందే. నిన్ను తిట్టినట్టుందేమో, నీ చేతిలో ఒకరికి ఏమన్నా అయితే నువ్వు తట్టుకోలేవని తెలిసి రాస్తాండా.

దసరాకి ఊరికి వచ్చినప్పుడు నీకు ఉగ్గాని, బజ్జీ చేసి పెడతా. మొదటి రికార్డింగు మాత్రం నా మీదే చెయ్యి, నేనే బెంగళూరు వస్తా. ముందే చెప్తాండా, పొద్దున బీపీ మాత్ర, రాత్రి నిద్రకి సగం మాత్ర వేసుకుంటా. రాసుకో.

మీ అత్త