ఫ్రీ సీటు అంటున్నారు, చేరమంటారా?

పది పాసైన పిల్లల ఉత్తరాలకు, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన లెక్చరర్ జవాబులు

ప్రశ్న: మేడమ్, జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివి పదిలో స్కూల్ ఫస్ట్ వచ్చాను. లెక్కలంటే ఇష్టం. హైదరాబాద్‌లోని ఒక కార్పొరేట్ కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి ‘మీవాడికి ఫ్రీ సీటు, ఐఐటీ బ్యాచ్‌లో వేస్తాం’ అన్నారు. హెడ్మాస్టర్ సారు బాసర ట్రిపుల్ ఐటీకి అప్లై చేయమంటున్నారు. మా బాబాయి పాలిటెక్నిక్ చేసి కరెంటాఫీసులో సబ్ ఇంజనీర్ అయ్యాడు, అదే మంచిదంటాడు. నాన్న కౌలు రైతు. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థి, మంచిర్యాల జిల్లా

జవాబు: బాబూ, ముగ్గురూ నీ మంచి కోరే చెప్పారనుకుందాం. కాకపోతే అందులో ఒకాయనకు సీట్లు నింపే టార్గెట్ ఉంది.

ముందు ఆ ఫ్రీ సీటు సంగతి తేల్చుకోండి. ఏది ఫ్రీ అని నాన్నను గట్టిగా అడగమను. చాలాచోట్ల ట్యూషన్ ఫీజు వరకే ఉంటుంది. హాస్టలు, మెటీరియల్, యూనిఫాం, పరీక్ష ఫీజు, చివరికి లాండ్రీ కూడా విడిగా రాస్తారు. ఫ్రీ అనేది రెండేళ్లకా, మొదటి ఏడాదికేనా? వీక్లీ టెస్టుల్లో మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారా? మారిస్తే ఫీజు కట్టాలా? మధ్యలో మానేస్తే టీసీ ఇస్తారా, రెండో ఏడాది డబ్బు కూడా కట్టమంటారా? ఇవన్నీ కాలేజీ లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. నీళ్లు నమిలారంటే ఇక ఆ ఊసు వదిలేయండి.

దసరా సెలవులకు ఇంటికొచ్చి, మళ్లీ ఆ హాస్టల్‌కి పోనని మొండికేసిన పిల్లలు ఏటా మా కాలేజీకి వచ్చేవాళ్లు. తెలివి తక్కువవాళ్లేం కాదు, వాళ్ల ఊళ్లో వాళ్లూ స్కూల్ ఫస్టులే. తెల్లవారకముందే స్టడీ అవర్ మొదలై రాత్రి పదిన్నర దాకా సాగే బతుకు అందరికీ పడదు. పడినవాళ్లు ఐఐటీకి వెళ్లారు, కాదనను. హోర్డింగుల మీద ఉండేది వాళ్ల ఫోటోలే. (అన్నట్టు అక్కడ సెకండ్ లాంగ్వేజ్ తెలుగు ఉండకపోవచ్చు. మార్కుల కోసం సంస్కృతం ఇప్పిస్తారు. తెలుగు మీద ఇష్టముంటే అదీ అడుగు.)

ఇక బాసర. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో బాసర, నూజివీడు, ఇడుపులపాయ మూడు చోట్లా మొదలైన ఆర్జీయూకేటీ (రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్) అది, జనం ట్రిపుల్ ఐటీ అనేది దాన్నే. నీలాంటి పల్లెటూరి బడి పిల్లల కోసమే పెట్టారు. ప్రవేశ పరీక్ష ఉండదు, పదో తరగతి మార్కులే చూస్తారు. సర్కారు బడిలో చదివినవాళ్లకు కొంత స్కోరు అదనంగా కలుపుతారు. రెండేళ్లు ఇంటర్ లాంటి పీయూసీ, ఆ తర్వాత నాలుగేళ్లు బీటెక్ అక్కడే. మధ్యలో ఎప్‌సెట్ (ఇంజనీరింగ్ సీట్ల ప్రవేశ పరీక్ష) టెన్షన్ లేదు. అయితే బ్రాంచి ఇచ్చేది పీయూసీలో తెచ్చుకున్న మార్కులను బట్టి. ‘సీటొచ్చేసింది కదా’ అని మొదటి రెండేళ్లు తేలిగ్గా తీసుకున్నవాళ్లు కంప్యూటర్ సైన్స్ దొరక్క తర్వాత బాధపడతారు.

మీ బాబాయి మాటనూ కొట్టిపారేయకు. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు, మొత్తం ఆరు. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు చేసి ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే బీటెక్ నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చు, అంటే అదీ ఆరేళ్లే. తేడా ఎక్కడంటే, ఇంట్లో పరిస్థితి బాగోక మధ్యలో చదువు ఆపాల్సి వస్తే ఎంపీసీ సర్టిఫికెట్‌తో ఇంజనీరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టలేవు. డిప్లొమా ఉంటే బ్రాంచిని బట్టి రైల్వే జూనియర్ ఇంజనీర్, విద్యుత్ సబ్ ఇంజనీర్ లాంటి పోస్టులకు పెట్టొచ్చు. కౌలు రైతు కొడుక్కి ఇది చిన్న విషయం కాదు. అయితే ఈసెట్‌తో వచ్చే సీట్లు తక్కువ. ఐఐటీల్లో ఆ దారి లేదు.

నన్నడిగితే బాసరకు అప్లై చెయ్యి, సీటొస్తే కళ్లు మూసుకుని వెళ్లు. రాకపోతే, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి ఉంటే ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ దొరుకుతుందేమో చూడు. పాలిసెట్ రాశావో లేదో ఉత్తరంలో లేదు. రాయకపోతే గురుకుల జూనియర్ కాలేజీలో ఎంపీసీ చదువు. పీఆర్వో గారి సీటు వీటన్నిటి తర్వాతే, అదీ కాగితం మీద రాసిస్తేనే.

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయికి పదిలో 600కి 561 వచ్చాయి. డాక్టర్ని చేయాలని మావారికీ నాకూ ఆశ. ‘బయాలజీ ఇష్టమే కానీ డాక్టర్ వద్దు’ అంటోంది. బైపీసీలో చేర్చి, అవసరమైతే ఇంటర్ తర్వాత ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ ఇప్పించైనా నీట్ రాయిద్దామనుకుంటున్నాం. సరైనదేనా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, అమ్మాయి అన్నమాట మీరే రాశారు కాబట్టి సగం పని అయిపోయింది. బయాలజీ ఇష్టమంటోంది, బైపీసీలోనే చేర్చండి. బైపీసీలో చేరిన ప్రతి పిల్లా నీట్ కోసమే చదవాలని ఎక్కడా లేదు.

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. 90 ప్రశ్నలు బయాలజీవి, మిగతా సగం ఫిజిక్స్, కెమిస్ట్రీ. తప్పు జవాబుకు ఒక మార్కు కోత. బాగా చదివేవాళ్లంతా బయాలజీ దాదాపు ఒకే స్థాయిలో చేస్తారు, ర్యాంకు తేలేది ఫిజిక్స్ దగ్గరే. నేను ఫిజిక్స్ దాన్ని కాబట్టి ఇలా అంటున్నానని నవ్వుకున్నా ఫర్వాలేదు. బైపీసీ పిల్లలు లెక్కల పీడ విరగడైందని సంబరపడి, తీరా వెక్టర్లు, లాగరిథమ్స్ వచ్చేసరికి కళ్లు తేలేస్తారు. ఈ వేసవిలోనే పదో తరగతి త్రికోణమితి మళ్లీ ఒకసారి చేయించండి. నీట్ రాసినా రాయకపోయినా పనికొస్తుంది.

డాక్టర్ కాకుండా ఏముందంటారా? మీకు దగ్గర్లోనే బాపట్ల వ్యవసాయ కళాశాల ఉంది, 1945 నాటిది. బీఎస్సీ అగ్రికల్చర్ నాలుగేళ్లు, రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకుతో వస్తుంది. మందుల చదువు ఫార్మ్-డి ఆరేళ్లు. పరిశోధన మీద మనసుంటే 2015లో మొదలైన తిరుపతి ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా, పరిశోధనా సంస్థ) ఉంది, ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. దాని ప్రవేశ పరీక్ష బైపీసీ వాళ్లూ రాయొచ్చు గానీ, పేపర్లో నాలుగోవంతు లెక్కలుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి లెక్కలు, బయాలజీ రెండూ చదువుకునే వీలు ఇంటర్‌లో కల్పించారు, ఎంబైపీసీ అంటున్నారు. అమ్మాయికి లెక్కలు బాగా వస్తే అడిగి చూడండి. ముందు ఆ కాలేజీలో రెండూ చెప్పే లెక్చరర్లు ఉన్నారో లేదో కనుక్కోండి. భారం ఎక్కువే, బలవంతం చేయొద్దు.

లాంగ్ టర్మ్ మాట మాత్రం ఇప్పుడెత్తకండి. ఇంటర్‌లో చేరకముందే దాని గురించి మాట్లాడితే, మొదటిసారి తనకు రాదని అమ్మానాన్నే అనుకుంటున్నారని పిల్లకు అర్థమవుతుంది.

ప్రశ్న: సీఈసీ సెకండియర్‌లోకి వచ్చాను. లాయర్ కావాలని ఉంది. ‘సీఈసీ ఎందుకూ పనికిరాదు’ అంటున్నారు చుట్టాలు. క్లాట్‌కి ఎప్పుడు మొదలుపెట్టాలి?
– విద్యార్థిని, కర్నూలు

జవాబు: ఇవాళే తల్లీ. చాలామంది ఇంటర్ పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకుని ఇక్కడే దెబ్బతింటారు. కొన్నేళ్లుగా క్లాట్ (జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష) డిసెంబర్ మొదట్లోనే, అంటే ఇంటర్ పరీక్షల కంటే ముందే జరుగుతోంది. దరఖాస్తులు వర్షాకాలంలోనే మొదలవుతాయి. ఏ గ్రూపు వాళ్లయినా రాయొచ్చు, సీఈసీ దానికేం అడ్డం కాదు. 120 ప్రశ్నలకు రెండు గంటలు, తప్పుకు పావు మార్కు పోతుంది. అన్నీ ఇంగ్లీషు పేరాలు చదివి జవాబివ్వాల్సినవే, కాబట్టి చదివే వేగమే ప్రాణం. రోజూ ఇంగ్లీషు పేపర్లో ఒక సంపాదకీయం గడియారం పెట్టుకుని చదువు. హైదరాబాద్ నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ రెండూ క్లాట్‌తోనే. అవి రాకపోతే రాష్ట్ర స్థాయి పరీక్ష లాసెట్‌తో ఐదేళ్ల లా కోర్సు ఉండనే ఉంది, దానికి ఇంటర్ మార్కులూ చూస్తారు కాబట్టి కాలేజీ చదువు వదిలేయకు. చుట్టాల మాటంటావా, వాళ్లకు పొలం గొడవ వచ్చిన రోజు నీ దగ్గరికే వస్తారు.

ప్రశ్న: మా బాబు టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంది. ముందుముందు ఇబ్బందా?
– ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: ఇబ్బందే. మెమోలో ఉన్నట్టే ఆధార్‌లో మార్పించండి. తప్పు మెమోలోనే ఉంటే హెడ్మాస్టర్ ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి దరఖాస్తు పెట్టాలి, దానికి సమయం పడుతుంది. ఆ పనిలో పనిగా ఆరు నుంచి పది వరకు స్టడీ సర్టిఫికెట్లు తీసుకోండి, ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో అడుగుతారు. బాబు రెండు మూడు బళ్లు మారి ఉంటే ప్రతి బడికీ వెళ్లాల్సిందే. టీచర్లు బదిలీ అయి, రికార్డులు ఏ బీరువాలో ఉన్నాయో ఎవరికీ గుర్తులేని పరిస్థితి రాకముందే వెళ్లండి.