3060 గ్రాఫిక్స్ కార్డు తీసి 4060 పెట్టాక ఆటలో కుదుపులు: కారణం మెమరీలో, స్లాట్‌లో ఉంది

కార్డు చెడిపోలేదు, దాని మెమరీ నిండిపోతోంది. బీ450 మదర్‌బోర్డులో ఆర్‌టీఎక్స్ 3060 తీసి 4060 పెట్టాక సగటు ఫ్రేములు (సెకనుకు తెరపై వచ్చే చిత్రాలు) పెరిగినా ఆట మధ్యలో కుదుపులు వస్తున్నాయన్నారు కదా. పాతదానిలో 12 జీబీ ఉండేది, కొత్తదానిలో 8 మాత్రమే.

కోర్ల (లెక్కలు చేసే భాగాల) సంఖ్య 3060లో 3584, 4060లో 3072; దాన్ని పక్కన పెట్టండి. తరాలు వేరైనప్పుడు ఆ అంకెలను పోల్చడం దండగ. 4060 క్లాక్ వేగం ఎక్కువ, ఎల్2 క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగమైన చిన్న మెమరీ) 24 ఎంబీ. సగటు పెరిగింది అందుకే. పైగా 170 వాట్లకు బదులు 115 చాలు.

చాలామంది చూడకుండా వదిలేసేది స్లాట్, అంటే బోర్డులో కార్డు గుచ్చే చోటు. 3060కి 16 లేన్లు (డేటా వెళ్లే దారులు), 4060కి 8. మీ బోర్డులో ఆ స్లాట్ పీసీఐఈ 3.0 తరానిది కాబట్టి ఆ 8 లేన్లలో సెకనుకు సుమారు 8 జీబీయే వెళ్తుంది, 4.0 బోర్డయితే 16. కార్డు మెమరీలో పట్టనిదంతా ర్యామ్ నుంచి ఈ ఇరుకు దారిలోనే రావాలి.

1. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో ‘బస్ ఇంటర్‌ఫేస్’ గడి చూడండి. కార్డుకు పని లేనప్పుడు పీసీఐఈ 1.1 అని చూపిస్తే కంగారు పడకండి, అది కరెంటు పొదుపు. పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కి రెండర్ పరీక్ష నడిపితే అసలు అంకె కనిపిస్తుంది.
2. ఆట సెట్టింగుల్లో టెక్స్‌చర్ల (వస్తువుల ఉపరితలంపై పరిచే బొమ్మల) నాణ్యత ఒక్క మెట్టు తగ్గించండి. మిగతావి కదపవద్దు.
3. జీపీయూ-జెడ్ సెన్సర్ల పేజీలో కార్డు మెమరీ వాడకం 7 జీబీకి అటూ ఇటుగా నిలిచేదాకా పైన 2లో చెప్పిన పని మళ్లీ చేయండి.

పాత కార్డు ఇంకా అమ్మలేదా? ఈ బోర్డు మార్చే ఆలోచన లేకపోతే, నేనైతే 3060నే ఉంచుకుంటాను.