స్కేట్‌బోర్డు ఆట చచ్చిపోతోందా? విజయనగరంలో మా అబ్బాయికి బోర్డు కొనివ్వవచ్చా?

మీరు అడిగింది ఇది: పదమూడేళ్ల మీ అబ్బాయి ఫోనులో వీడియోలు చూసి, నాలుగు చక్రాల మీద నిలబడి ఆడే చెక్క పలక, అంటే స్కేట్‌బోర్డు కావాలంటున్నాడు. ఆ ఆట పత్రికలు మూతపడ్డాయనీ, కంపెనీల దగ్గర సరుకు పేరుకుపోయిందనీ మీరు చదివారు. విజయనగరంలో స్కేట్ పార్కు, అంటే ఈ ఆట కోసమే వంపు గోడలతో కట్టిన స్థలం, కూడా లేదు. పోటీల సంగతీ అడిగారు. ఇలాంటప్పుడు డబ్బు పెడితే వృథా కాదా అని మీ అనుమానం.

వృథా కాదు, కొనివ్వండి. నేను శ్రీకాకుళంలో 2014 నుంచి ఆడుతున్నాను. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో మొదలుపెట్టాను. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నా శని, ఆదివారాల సాయంత్రాలు బోర్డు మీదే గడుస్తాయి. మీరు చదివిన వార్తలు అబద్ధం కాదు. కానీ వాటిని చూసి మీ అబ్బాయి సంగతి తేల్చవద్దు. ఈ ఆట పోయిందని జనం అనుకోవడం ఇది మొదటిసారి కాదు.

అమెరికాలో ఈ ఆటకు మొదటి పత్రిక 1964లో వచ్చి, నాలుగు సంచికలకే ఆగిపోయింది. అప్పటి చక్రాలు బంకమట్టి కలిపిన మిశ్రమంతో చేసినవి. చిన్న గులకరాయి తగిలితే చాలు, బోర్డు అక్కడే ఆగిపోయేది, మనిషి ముందుకు పడేవాడు. దెబ్బలు ఎక్కువయ్యాయి, కొన్ని పట్టణాలు నిషేధించాయి, కొనేవాళ్లు మానేశారు. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్తీ అనే యువకుడు పాలీయురెథేన్ చక్రాలు అమ్మడం మొదలుపెట్టాడు. అవి నేలను పట్టుకుంటాయి, గులకరాళ్ల మీద నుంచి దాటిపోతాయి. ఆటకు మళ్లీ ప్రాణం వచ్చింది. ఆగిన పత్రిక 1975లో తిరిగి మొదలైంది, ఊరూరా కాంక్రీటు పార్కులు వెలిశాయి. 1980 నాటికి ఆ పార్కులకు బీమా ఖర్చు యజమానులు మోయలేనంత పెరిగింది. ఒకదాని తర్వాత ఒకటి మూసేశారు. చాలావాటిని పూడ్చేశారు.

ఆ రోజుల్లో జరిగినదే ఈ ఆట చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. ఫ్లోరిడాకు చెందిన ఆలన్ గెల్ఫాండ్ అనే కుర్రవాడు 1970ల చివర్లో, పార్కులోని వంపు గోడల మీద, బోర్డును చేత్తో పట్టుకోకుండానే గాలిలోకి లేపాడు. అతని ముద్దుపేరే ఆ విద్యకు పేరైంది: ఓలీ. పార్కులు పోతున్న రోజుల్లో రాడ్నీ మల్లెన్ అనే మరో ఆటగాడు అదే పనిని గోడ లేకుండా చదును నేల మీద సాధించాడు. వెనక కాలితో బోర్డు తోకను నేలకు కొట్టాలి. ముక్కు పైకి లేవగానే ముందు కాలిని దాని వెంటే పైకి రుద్దుతూ తీసుకుపోవాలి. అప్పుడు బోర్డు పాదాలకు అతుక్కున్నట్టు గాలిలోకి లేస్తుంది. ఇది చేతికొచ్చాక పార్కుతో పని లేకపోయింది. పేవ్‌మెంటు అంచు, బడి మెట్లు, సిమెంటు బెంచీ, అన్నీ ఆట స్థలాలే అయ్యాయి. మీ అబ్బాయి ఫోనులో చూస్తున్న వీధి ఆటంతా అక్కడి నుంచి వచ్చిందే. వ్యాపారం కుప్పకూలిన రోజుల్లో, పార్కు దొరకని పిల్లల కాళ్ల కింద అది పుట్టింది. అందుకే విజయనగరంలో పార్కు లేదని మీరు రాసిన మాట నన్ను భయపెట్టలేదు.

ఆట 1990ల మొదట్లో మరోసారి పడింది. 1999లో టోనీ హాక్ అనే అమెరికా ఆటగాడు పోటీలో గాలిలో రెండున్నర చుట్లు తిరిగాడు, అదే ఏడాది అతని పేరుతో వీడియో గేమ్ వచ్చింది, ఆట మళ్లీ లేచింది. 2020లో కరోనా వల్ల జట్టు ఆటలు ఆగిపోయి, ఒంటరిగా ఆడుకునే ఆటల మీద జనం పడ్డారు. దుకాణాల్లో బోర్డులు దొరకలేదు. తయారీదారులు ఎడాపెడా సరుకు తెప్పించారు. ఆ ఊపు రెండేళ్లకు తగ్గేసరికి గోదాములు నిండి ఉన్నాయి. మీరు చదివిన కష్టాలు ఇవే. పెద్ద బూట్ల కంపెనీలకు ఇది ఎన్నో వ్యాపారాల్లో ఒకటి, వాళ్లు తట్టుకుంటారు. నైకీ తన స్కేట్ బూట్ల విభాగాన్ని 2002లోనే మొదలుపెట్టింది. దెబ్బ తగిలేది ఆటగాళ్లే పెట్టుకున్న చిన్న బోర్డు కంపెనీలకూ, వీధి చివర ఉండే స్కేట్ దుకాణాలకూ. అందుకు నాకు నిజంగా బాధ ఉంది. కొనేవారిగా మీకు మాత్రం దీని అర్థం ఒక్కటే: మంచి బోర్డు మీద తగ్గింపు దొరకవచ్చు.

పత్రికల మాట. థ్రాషర్ అనే స్కేట్‌బోర్డు పత్రిక 1981 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైంది. దాన్ని పెట్టిన ఎరిక్ స్వెన్సన్, ఫాస్టో విటెల్లో అప్పటికే ఇండిపెండెంట్ అనే పేరుతో ట్రక్కులు తయారు చేస్తున్నారు. ట్రక్కు అంటే బోర్డు కింద చక్రాలను మోసే ఇరుసు. ఆ ట్రక్కులకు ప్రచారం కావాలనే వాళ్లు పత్రిక తెచ్చారు. కాబట్టి ఈ ఆటలో పత్రిక, వ్యాపారం మొదటి నుంచీ ఒకే ఇంటి బిడ్డలు. ఒకదానికి జ్వరం వస్తే రెండోది వణుకుతుంది. 1983లో వచ్చిన మరో పత్రిక ట్రాన్స్‌వరల్డ్ 2019లో అచ్చు ఆపేసింది.

నేను అచ్చు పత్రికను చేత్తో పట్టుకున్నది ఒక్కసారే. బెంగళూరులో ఉద్యోగం చేసే స్నేహితుడు పాత సంచిక ఒకటి తెచ్చి ఇచ్చాడు. అందులో ఒకే విన్యాసాన్ని తొమ్మిది పది ఫోటోలుగా వరసలో వేశారు. పాదం ఏ క్షణంలో ఎక్కడ ఉందో, భుజం ఎటు తిరిగిందో వేలు పెట్టి చూసుకోవచ్చు. ఫోనులో పదిహేను సెకన్ల వీడియో ఆ పని చేయదు. అది మురిపించి వెళ్లిపోతుంది. నేను వీడియోలను నెమ్మదిగా తిప్పి, ఒక్కో క్షణం దగ్గర ఆపి, గ్రాఫ్ కాగితం మీద పాదాల స్థానాలు గీసుకునేవాణ్ని. మీ అబ్బాయికి కూడా అదే చెప్పండి. వంద వీడియోలు చూడవద్దు, ఒక్కదాన్ని వందసార్లు చూడమనండి.

అయితే మన ప్రాంతానికి అసలు లోటు పత్రిక కాదు. అడిగితే చెప్పే దుకాణం మనకు ఎప్పుడూ లేదు. అమెరికాలో స్కేట్ దుకాణం గల్లాపెట్టె వెనక ఉండేది ఆ ఊరి పాత ఆటగాడే. బోర్డు బిగించి ఇస్తాడు, ఎక్కడ ఆడుకోవాలో చెబుతాడు, కొత్తవాణ్ని పాతవాళ్లకు పరిచయం చేస్తాడు. నాకు అలాంటి మనిషి లేకపోవడం వల్ల ఏం జరిగిందో చెబుతాను, మీ అబ్బాయికి ఆ తిప్పలు తప్పుతాయి.

నా మొదటి బోర్డు ఒక ఆటబొమ్మల దుకాణంలో 900 రూపాయలకు కొన్నాను. ట్రక్కులు ప్లాస్టిక్‌వి, చక్రాలు తిరగవు. మూడో వారం ఇరుసు విరిగింది. నేను కింద పడి, చెయ్యి నేలకు ఆనించాను, మణికట్టు ఎముక చిట్లింది. ఆరు వారాలు పిండికట్టు. అమ్మ ఆ బోర్డు ముక్కలను పొయ్యిలో పెట్టింది, నేను ఆపలేదు. ఆ బోర్డు నాకు ఇచ్చిన చదువు ఒక్కటే: పడేటప్పుడు చెయ్యి చాచకూడదు, మోకాళ్లు వంచి భుజం మీదుగా దొర్లాలి. బోర్డు ఎక్కకముందే దీన్ని చాప మీద సాధన చేయించండి. హెల్మెట్ విషయంలో మాత్రం బతిమాలడం, బుజ్జగించడం వద్దు. అది లేకుండా బోర్డు బయటికి వెళ్లకూడదు.

రెండోది బెంగళూరు నుంచి తెప్పించాను, ఆరు వేల పైచిలుకు అయింది. మంచి బోర్డు చెక్కను గట్టి మేపుల్ కలప పొరలు ఏడింటిని అంటించి, వంచి చేస్తారు. వంగి మళ్లీ స్ప్రింగులా లేచే ఆ చెక్క గుణం మన ప్లైవుడ్‌కు రాదు. ఒకసారి మా వీధి వడ్రంగి చేత ప్లైవుడ్‌తో చేయించాను. పని ఎంతో శ్రద్ధగా చేశాడు, కానీ నెల తిరగకుండానే నడుము వంగిపోయింది. మీ అబ్బాయి వయసుకు వెడల్పు 7.75 లేదా 8 అంగుళాలు సరిపోతుంది. ట్రక్కులు లోహానివై ఉండాలి. చక్రాల గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. వీడియోల్లో వాడేవి 52, 53 మిల్లీమీటర్ల గట్టి చక్రాలు, గట్టిదనం 99ఏ దాకా ఉంటుంది (ఈ అంకె ఎంత పెద్దదైతే చక్రం అంత గట్టి). నునుపైన గచ్చు మీద అవి హాయిగా పోతాయి. మన సిమెంటు రోడ్లకు జారకుండా చీపురు గీతలు పెడతారు కదా, వాటి మీద ఆ చక్రాలు పళ్లు కదిలేలా అదురుతాయి. రోడ్డు మీద తిరగడానికైతే 78ఏ ప్రాంతంలోని మెత్తని చక్రాలు ఇంకో జత తీసుకోండి.

బేరింగుల కోసం మాత్రం ఆన్‌లైన్‌లో వెతకనక్కర లేదు. స్కేట్‌బోర్డు బేరింగు కొలత 608, లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, వెలుపలి వ్యాసం 22. ప్రపంచమంతటా చిన్న యంత్రాలకు వాడే మామూలు బేరింగు అది. మోటార్లు రివైండింగ్ చేసే వీధిలోని దుకాణానికి వెళ్లి పాతది చూపించాను. పెద్దాయన వేళ్ల మధ్య తిప్పి చూసి, “ఏ మిషనుకు బాబూ?” అని అడిగారు. బోర్డు తెచ్చి చూపించాను. ఎనిమిది బేరింగులూ తానే విప్పి, కిరోసిన్‌లో కడిగి, కుట్టుమిషను నూనె ఒక్కో చుక్క వేసి ఇచ్చారు. పనికి డబ్బు తీసుకోలేదు. నాకు స్కేట్ దుకాణమంటే ఈరోజుకీ ఆ బల్లే.

ఇక స్థలం. ఆమదాలవలస వైపు ఒక రైస్ మిల్లు ఉంది. ధాన్యం ఆరబోసే కళ్ళం అంతా నున్నటి గచ్చు, రెండు వాలీబాల్ కోర్టులంత. ధాన్యం కాలం అయిపోయాక, మార్చి నుంచి సాయంత్రాలు ఖాళీగా ఉంటుంది. గుమాస్తా గారిని అడిగితే ఒక షరతు పెట్టారు: ఆడే ముందు ఊక, ఇసుక మేమే ఊడ్చుకోవాలి. ఊడవడం మాకూ అవసరమే, ఊక దుమ్ము బేరింగుల్లో చేరితే చక్రం పట్టేస్తుంది. మీ ఊళ్లోనూ ఇలాంటివి ఉంటాయి. కల్యాణ మండపాల ముందు గచ్చు, బడి బాస్కెట్‌బాల్ కోర్టు, అపార్టుమెంటు సెల్లారు, ఏదైనా సరే, అడిగి వెళ్లండి. గంటస్తంభం నుంచి కోట దాకా ఉండే రద్దీలోకి మాత్రం బోర్డు వేసుకుని వెళ్లనివ్వవద్దు. వాన పడిన నేల మీద కూడా వద్దు. తడిసిన మేపుల్ పొరలు విడిపోతాయి.

నేను ఆ కళ్ళం మీద ఓలీ కోసం నాలుగు నెలలు తన్నుకులాడాను. బోర్డు లేచేది, కాళ్ల కింద నుంచి పక్కకు తిరిగిపోయేది. గ్రాఫ్ కాగితాలు, వీడియోలు, ఏవీ పనికి రాలేదు. ఒక ఇంటర్ కుర్రవాడు రోజూ సైకిల్ ఆపి గట్టు మీద కూర్చుని చూసేవాడు. వాడు బోర్డు ఎక్కి ఎరుగడు. ఒక సాయంత్రం మెల్లగా అన్నాడు: “అన్నా, ఎగిరే ముందు ప్రతిసారీ నీ భుజాలు ముందుకు తిరుగుతున్నాయి.” భుజాలు బోర్డుకు సమంగా పెట్టి ఎగిరాను. మూడో ప్రయత్నంలో నాలుగు చక్రాలూ ఒకేసారి నేలను తాకాయి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ కుర్రవాడు ఈరోజు నాకన్నా బాగా ఆడతాడు. మీ అబ్బాయికి బోర్డుతో పాటు ఒక తోడు చూడమని చెప్పేది అందుకే. పక్కన నిలబడి చూసేవాడు ఉన్నా చాలు.

పోటీల సంగతి కూడా అడిగారు. టోక్యో ఒలింపిక్స్‌తో, అంటే 2021లో, స్కేట్‌బోర్డింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది. మహిళల స్ట్రీట్ విభాగంలో, అంటే మెట్లు, అంచుల మీద ఆడే వీధి ఆటలో, స్వర్ణం గెలిచిన జపాన్ అమ్మాయి మోమిజీ నిషియాకు, రజతం గెలిచిన బ్రెజిల్ అమ్మాయి రైసా లియాల్‌కు అప్పుడు పదమూడేళ్లే, మీ అబ్బాయి వయసే. మన దేశంలో 2022 గుజరాత్ జాతీయ క్రీడల్లోనూ ఈ ఆట ఉంది. ఇక్కడ దీన్ని నడిపేది రోలర్ స్కేటింగ్ సమాఖ్యే, కాబట్టి దారి అటు నుంచే వెళ్తుంది. మన వైపు స్కేటింగ్ అనగానే అందరూ చక్రాల బూట్లే అనుకుంటారు, విశాఖలో వాటికి ఎంతో ఆదరణ ఉంది మరి. మీరు ఓపికగా వేరు చేసి చెప్పాల్సి వస్తుంది. సెలవుల్లో వీలైతే చెన్నై దగ్గరి కోవళం గానీ మహాబలిపురం గానీ తీసుకెళ్లండి. సముద్రం పక్కన జాలర్ల పిల్లలు ఆడుతుంటే మీరే ఆగి చూస్తారు. ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ నుంచి పతకం తెచ్చేదాకా ఆమదాలవలస నుంచి ఒలింపిక్స్‌కు దారి ఉందని ఎవరు అనుకున్నారు? అయినా పతకం కోసం బోర్డు కొనవద్దు, పిల్లవాడు ఆ మాట పసిగట్టేస్తాడు.

డబ్బు పెట్టే ముందు ఒక పని చేయండి. మార్చి తర్వాత ఏ ఆదివారమైనా మధ్యాహ్నం రైలు ఎక్కండి. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ గంట ప్రయాణం. అది ఉన్నది ఆమదాలవలసలోనే, మా కళ్ళం అక్కడికి దగ్గర. రావాలనుకుంటే ఈ జవాబు కింద ఒక మాట రాయండి. నా దగ్గర 7.75 అంగుళాల పాత బోర్డు ఉంది, హెల్మెట్ కూడా ఉంది. ఒక సాయంత్రమంతా ఆడి చూడనివ్వండి. చెప్పులతో వద్దు, అడుగు చదునుగా ఉన్న బూట్లు వేసుకుని రమ్మనండి.